తాబేలు, ఉడుము కనిపిస్తే చెయ్యి పెట్టే ముందు

జీడితోటలో దొరికింది, ఇంట్లో పెంచుకుందాం అనుకునే తమ్ముళ్లూ, ముందు ఇవి చూసుకోండి.

– లైసెన్స్ తీసుకుంటే చాల్లే అని ఎవరన్నా చెప్తే నమ్మకండి, సరదాగా పట్టి పెంచుకోడానికి లైసెన్సే లేదు, 1972 వన్యప్రాణి చట్టంలో పట్టుకోడం కూడా వేట కిందకే వస్తాది, చదువుకో పరిశోధనకో అయితే చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల పెద్ద అధికారి) రాసిచ్చిన పర్మిషన్ చేతిలో ఉండాలి.

– నక్షత్ర తాబేలు, ఉడుము, నాగుపాము మూడూ షెడ్యూల్ 1, అంటే ఆ చట్టంలో అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జాబితా. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్లు జైలు, ఫైను 25 వేలకి తగ్గదు.

– శ్రీకూర్మం గుళ్లో నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి కదా అని ఇంటికి తేకండి. తాబేలుని ఎత్తగానే తల లోపలికి లాక్కుని బుస్సుమంటాది చూడండి, అది భయం, పాపం.

– ఫొటో పెడితే లొకేషన్ తీసెయ్యండి, అమ్ముకునేవాళ్లు చూస్తారు.

– దొరికిన జంతువుకి దెబ్బ తగిలుంటే దగ్గర్లో ఫారెస్ట్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి.