విమాన మెకానిక్‌ల పోటీకి జట్టును సిద్ధం చేయడం ఎలా?

విమానాలు బాగుచేసేవాళ్లకు కూడా పోటీలుంటాయంటే మనవాళ్లు చాలామంది ఆశ్చర్యపోతారు. అమెరికాలో ఏరోస్పేస్ మెయింటెనెన్స్ కాంపిటీషన్ అని ఒకటి జరుగుతుంది. ఎమ్మార్వో అమెరికాస్ అనే, విమానాల మెయింటెనెన్స్, రిపేర్ రంగంవాళ్ల పెద్ద సదస్సుతో పాటే దీన్నీ పెడతారు. ఎయిర్‌లైన్స్, రిపేర్ స్టేషన్లు, సైన్యం, కాలేజీలు జట్లను పంపుతాయి. జట్టుకు ఐదుగురు. ఒక్కో పనికి 15 నిమిషాలు. తప్పు చేస్తే ఆ మేరకు సమయం కలుపుతారు. మొత్తం మీద గెలిచిన జట్టుకు విలియం ఎఫ్. ఓబ్రయన్ పేరు మీద అవార్డు ఇస్తారు.

నేను హైదరాబాద్‌లో ఏఎంఈ (ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) చదివి, ఇప్పుడు డాలస్‌లో ఒక హెవీ మెయింటెనెన్స్ హ్యాంగర్‌లో పనిచేస్తున్నాను. మా జట్టుకు ప్రాక్టీస్ చేయించే బాధ్యత నాది. బేగంపేట, శంషాబాద్ వైపు చదువుకునే పిల్లలు "అన్నా, ఎలా మొదలుపెట్టాలి?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

ముందు జట్టు సంగతి. చేతివేగం చూసి ఎంచుకోకండి. షీట్ మెటల్ (రేకు పని) బాగా తెలిసినవాళ్లు ఒకరు, వైరింగ్ డయాగ్రామ్ చూడగానే కరెంటు ఎటు పోతుందో చెప్పగలిగేవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి. వాళ్లకంటే ముఖ్యం, టాస్క్ కార్డును, అంటే పని ఎలా చేయాలో రాసి ఇచ్చే కాగితాన్ని, అక్షరం వదలకుండా చదివే మనిషి. అలాంటివాళ్లు సాధారణంగా నిదానస్తులు, జట్టులోకి ఎవరూ పిలవరు. మీరు పిలవండి. పెనాల్టీల్లో పెద్ద భాగం చదవకపోవడం వల్లే పడుతుంది. వార్నింగ్, కాషన్ అని రాసి ఉన్న లైన్లు పైకి చదివించండి. గడియారం తిరుగుతుంటే చదువుతూ కూర్చోవడం ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటుంది. అయినా మొదటి నిమిషం చదవడానికే.

ప్రాక్టీస్ సేఫ్టీ వైర్‌తో, అంటే బోల్టులు వదులవకుండా కట్టే తీగతో మొదలుపెట్టండి. ఖర్చు తక్కువ, నేర్పేది ఎక్కువ. తల్లో రంధ్రమున్న బోల్టులను ఒక ఇనుప పలకకు బిగించి బెంచీ మీద పెట్టుకుంటే చాలు. 0.032 అంగుళాల వైర్ తీసుకోండి. మొదటి బోల్టు రంధ్రంలోంచి దూర్చి, ఒక పోగును తల చుట్టూ తిప్పి, రెండూ కలిపి జడ అల్లినట్టు మెలివేయాలి. అంగుళానికి 6 నుంచి 8 మెలికలు. అంతకంటే తక్కువైతే వదులుగా ఊగుతుంది, ఎక్కువైతే వైరు బిరుసెక్కి తెగుతుంది. రెండో బోల్టు రంధ్రానికి అంగుళంలో ఎనిమిదో వంతు దూరంలో మెలిక ఆపి, ఒక పోగును రంధ్రంలోంచి దూర్చి, రెండోదాన్ని తల చుట్టూ తిప్పి, మళ్లీ మెలివేసి, చివర పావు నుంచి అర అంగుళం పిగ్‌టెయిల్ (మెలివేసిన కొన) వదిలి కత్తిరించండి. ఆ కొనను లోపలికి మడవండి. మడవకపోతే తర్వాత అక్కడ చెయ్యి పెట్టినవాడి వేలు చీరుకుపోతుంది.

జడ్జి మొదట చూసేది దిశ. బోల్టు వదులయ్యే వైపు తిరగబోతే వైరు దాన్ని బిగించే వైపే లాగాలి. మామూలు కుడి మరలో అది గడియారం తిరిగే వైపు. మెలికలు ఎంత అందంగా ఉన్నా వైరు ఎదురు వైపుకు లాగుతుంటే ఆ పని వృథా. ఆ తర్వాత వైరు మీద గాట్లు చూస్తారు. ప్లయర్స్ దవడలు మెరిసే వైరును కొరికితే ఆ గీత దగ్గరే రేపు పగులు మొదలవుతుంది. అందుకే పట్టు చివర్లోనే ఉండాలి, అక్కడ నుంచి తర్వాత కోసేస్తాం కదా. ఒకసారి వాడి విప్పిన వైరును మళ్లీ వాడకండి, ప్రాక్టీస్‌లో కూడా. రంధ్రాలు సరిపడటం లేదని బోల్టును టార్క్ (బిగింపు బలం) హద్దు దాటించడం, వెనక్కి వదులు చేయడం అసలు వద్దు.

రివెటింగ్‌లో, అంటే రేకులను రివెట్లతో కలిపి బిగించడంలో, కొలత గుర్తుంటే సగం పని అయినట్టే. గన్‌తో కొట్టాక అవతలి వైపు అణిగి ఏర్పడే తల వెడల్పు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం. అంటే 1/8 అంగుళం రివెట్‌కు వెడల్పు 3/16, ఎత్తు 1/16. రంధ్రం వేశాక రెండు వైపులా డీబర్ చేయడం (అంచు గరుకు తీసేయడం) మర్చిపోకండి. గన్ పట్టేవాళ్లూ అవతలి వైపు బకింగ్ బార్ (రివెట్‌కు ఆనించే ఇనుప దిమ్మ) పట్టేవాళ్లూ ఎప్పుడూ ఒకే జంటగా ప్రాక్టీస్ చేయాలి. ఆ ఇద్దరి మధ్య మాటలు అక్కర్లేని అలవాటు కుదరాలి.

టార్క్ రెంచ్ చేతికి ఇస్తే ముందు క్యాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) స్టిక్కర్ మీద తేదీ చూడండి. రెంచ్ చివర క్రోఫుట్ (రెంచ్ అందని చోటికి తగిలించే అదనపు ముక్క) తగిలించాల్సి వస్తే లెక్క మారుతుంది. రెంచ్ పొడవు 10 అంగుళాలు, దానికి నేరుగా తగిలించిన క్రోఫుట్ 2 అంగుళాలు, కావాల్సిన టార్క్ 120 ఇంచ్-పౌండ్లు అనుకోండి. 120ని 10తో గుణించి 12తో భాగిస్తే 100. రెంచ్‌ను 100కే పెట్టాలి. క్రోఫుట్‌ను 90 డిగ్రీల్లో తగిలిస్తే ఈ సవరణ అక్కర్లేదు. ఈ లెక్క కాగితం లేకుండా నోటికి రావాలి.

ఎలక్ట్రికల్ ట్రబుల్‌షూటింగ్‌లో ఒక చివర నుంచి మొదలుపెట్టి ప్రతి కనెక్టరూ చూసుకుంటూ పోతే టైమ్ చాలదు. సర్క్యూట్ మధ్యలో ఓల్టేజ్ చూడండి. అక్కడి దాకా వస్తే తప్పు అవతల, రాకపోతే ఇవతల. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి.

స్టాప్‌వాచ్‌ను మొదటి వారాల్లో బయటికే తీయకండి. ఏ తప్పూ లేకుండా నిదానంగా వరుసగా చేయగలిగిన తర్వాతే దాన్ని పెట్టాలి. నా ఉద్దేశంలో వేగం పెరిగేది చెయ్యి పరుగెత్తడం వల్ల కాదు, వృథాగా తిరిగే కదలికలు తగ్గడం వల్ల. ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే కుర్రాళ్లకే తెలిసిపోతుంది, కట్టర్ కోసం ఎన్నిసార్లు బెంచీ అంతా వెతికారో. ప్రతి పనిముట్టుకూ ఒక చోటు పెట్టండి. ఆఖర్న లెక్కపెట్టి చూపడం కూడా పనిలో భాగమే. ఇంజిన్ దగ్గర మర్చిపోయిన చిన్న స్క్రూడ్రైవర్ ఏం చేయగలదో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ప్రాక్టీస్‌లో జడ్జిగా మీ స్నేహితుణ్ణి పెట్టకండి. ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసే, మొహమాటం లేని మనిషిని బతిమాలి తెచ్చుకోండి. చుట్టూ నలుగురైదుగురు నిలబడి మాట్లాడుతుంటే చేయించండి. పోటీలో జనం చూస్తూనే ఉంటారు, కొత్తవాళ్లకు ఆ టెన్షన్‌కే చేతులు వణుకుతాయి.

వరల్డ్‌స్కిల్స్ అనే అంతర్జాతీయ వృత్తి నైపుణ్యాల పోటీల్లో కూడా ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఉంది. 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగింది. అది వ్యక్తిగత పోటీ, వయసు పరిమితి కూడా ఉంటుంది. అక్కడ అన్ని పనులూ ఒక్కరే చేయాలి కాబట్టి షీట్ మెటల్ నాది, వైరింగ్ నీది అనడం కుదరదు.

అంతదూరం పోయే వీలు లేకపోతే మీ కాలేజీలోనే పెట్టండి. మే 24 మంచి రోజు. రైట్ సోదరుల విమానానికి ఇంజిన్ తయారుచేసిన మెకానిక్ చార్లెస్ టేలర్ పుట్టినరోజు అది. అమెరికాలో ఆ రోజును మెకానిక్‌ల దినంగా జరుపుతారు. సేఫ్టీ వైర్, రివెట్, టార్క్, ఈ మూడు బెంచీలు చాలు. స్కోర్ షీట్‌లో పెనాల్టీలు ముందే రాసి అందరికీ పంచండి. అయిపోయాక ప్రతి జట్టుకూ వాళ్ల షీట్‌నూ, వాళ్లు చేసిన ముక్కనూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఎన్ని సెకన్లు పోయాయో చూపించండి. బహుమతి ఇవ్వడం ఆ తర్వాతే.