ఫైబర్ లైనుపై కంప్యూటర్ ఫ్యాక్స్‌ను దారికి తెచ్చిన విధం

మా కార్యాలయంలో రాగి తీగల ఫోను లైను తీసివేసి ఫైబర్ కనెక్షన్ పెట్టిన తరువాత, లినక్స్ కంప్యూటరు నుండి హైలాఫ్యాక్స్ అనే ఫ్యాక్స్ ప్రోగ్రాము ద్వారా పంపే ఫ్యాక్సులలో ఒక పేజీవి చేరుతున్నా, ఎక్కువ పేజీలవి మధ్యలోనే తెగిపోయేవి. మోడెమ్ మార్చినా ఫలితం లేకపోయింది. ప్రోగ్రాము నమోదు చేసిన లాగ్ చదివితే, రెండు యంత్రాలూ సెకనుకు 14,400 బిట్ల వేగానికి ఒప్పుకొని, తీరా పేజీ నడుస్తుండగా ఈసీఎం అనే దోష సవరణ పద్ధతిలో అవే ఫ్రేములను, అంటే పేజీ సమాచారపు ముక్కలను, మళ్ళీ మళ్ళీ అడగడం కనిపించింది. ఈ లైనులో ధ్వని ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. ఒకటి జారిపోయినా మాట్లాడే మనిషి గమనించడు గాని, మోడెమ్‌కు మాత్రం లెక్క తప్పుతుంది.

అందువల్ల పంపే ఆదేశంలో గరిష్ఠ వేగాన్ని 9,600కు తగ్గించి, ధ్వనిని డిజిటల్ రూపంలోకి మార్చే పద్ధతుల్లో (కోడెక్‌లలో) బాగా కుదించే జి.729కు బదులు అంతగా కుదించని జి.711 వాడేలా ఫోను అడాప్టరు అమరికను మార్చాను, తెగిపోవడం ఆగింది. ఫ్యాక్సును ధ్వనిగా కాక నేరుగా డేటాగా పంపే టి.38 పద్ధతి ఉంటే అదే మేలైన మార్గం, కాని మా సేవా సంస్థ దానిని ఇవ్వడం లేదు.

స్వీకరణ చిక్కు వేరు. ఫోను మోగుతున్నా ప్రోగ్రాము ఎత్తేది కాదు. మోడెమ్ అమరికల ఫైలులో ‘రింగ్స్‌బిఫోర్‌ఆన్సర్’ విలువ 0గా ఉంది, అంటే అసలు ఎత్తవద్దని అర్థం. దానిని 2 చేసి కాల్ ఎత్తే భాగమైన ఫ్యాక్స్‌గెట్టీని పునఃప్రారంభించాక, వచ్చిన ఫ్యాక్సులు టిఫ్ అనే చిత్రపు ఫైళ్ళుగా చేరుతున్నాయి.