తక్కువ ఖర్చుతో బాత్‌రూమ్ బాగుచేత: పగలగొట్టే ముందు చూసుకోవలసిన సమస్యలు, పరిష్కారాలు

పాత అపార్ట్‌మెంట్‌లో బాత్‌రూమ్‌ను కొత్తగా చేయించాలని మేస్త్రీని పిలిస్తే, సాధారణంగా వినవచ్చే మొదటి మాట "మొత్తం కొట్టేద్దాం" అన్నదే. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు అందుకు ఒప్పుకునే ముందు నీరు ఎక్కడి నుంచి కారుతున్నదో తేల్చుకోవాలి. కొత్త టైల్స్ పాత లీకేజీని కప్పిపెడతాయే గాని ఆపలేవు. పైగా పగిలిన ముక్కలను సంచులకెత్తి కిందికి దింపించి, బండిలో తరలించే కూలి చాలా అంచనాల్లో కనిపించదు.

సమస్య: బాత్‌రూమ్ గోడకు అవతల, పడకగదిలో రంగు పొంగి పెచ్చులూడుతున్నది.

దీనికి కారణాలు ముఖ్యంగా మూడు: గోడలోని పైపు కారడం, టైల్స్ మధ్య సందులు తెరుచుకోవడం, నేలలో నీరు ఇంకడం. మూడింటికీ మరమ్మతు వేరు, ఖర్చు వేరు కాబట్టి ఊహతో పని మొదలుపెట్టకూడదు. ముందుగా చెమ్మ మచ్చ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసి, బాత్‌రూమ్‌కు నీరు వచ్చే వాల్వు తెరిచే ఉంచి, కొన్ని రోజులు ఆ బాత్‌రూమ్‌ను వాడకుండా ఉండండి. వాడకం లేకపోయినా మచ్చ గీత దాటి పెరుగుతున్నదంటే పైపునే ముందుగా అనుమానించాలి. ప్లంబర్ చేత చేతిపంపుతో ప్రెషర్ పరీక్ష చేయిస్తే ఆ సంగతి రూఢి అవుతుంది. పైపులో లోపం లేదని తేలితే, నేల జాలీ రంధ్రాన్ని గుడ్డతో గట్టిగా మూసి, గచ్చు మీద అంగుళం లోతు నీరు నింపి 24 గంటలు అలాగే వదిలేయాలి. కింది ఇంటివారికి ముందే చెప్పి, మరునాడు వారి సీలింగును స్వయంగా చూడడం మంచిది. అక్కడ తడి కనిపిస్తే లోపం నేలలోనే ఉన్నట్టు. కనిపించకపోతే, స్నానం చేసేటప్పుడు నీళ్లు పడే గోడ సందులను పరిశీలించాలి.

సందులే కారణమైతే టైల్స్ తీయనక్కరలేదు. వాటిలోని పాత వైట్ సిమెంటును గీకి తీసి, పూర్తిగా ఆరనిచ్చి, ఎపాక్సీ గ్రౌటు (సందులు పూడ్చే రెసిన్ మిశ్రమం) నింపిస్తే సరిపోతుంది. దాని ధర మామూలు గ్రౌటు కంటే ఎక్కువే అయినా, నీటిని పీల్చని గుణం వల్ల ఆ తేడా పెట్టదగిన ఖర్చే. ఇక్కడ ఒక మాట చెప్పాలి: బోరు నీటి తెల్ల మరకలు పోవాలని వారం వారం యాసిడ్ పోసి కడిగే ఇళ్లలో ఈ సందులు త్వరగా పాడవుతాయి, ఎందుకంటే యాసిడ్ మరకతోపాటు సిమెంటునూ తినేస్తుంది.

నేల కారుతున్నట్లయితే మాత్రం పొదుపు పేరుతో పైపైన పూత వేయించడం దండగ. నేల టైల్స్‌నూ, గోడల అడుగున ఒక అడుగు ఎత్తు వరకూ ఉన్న టైల్స్‌నూ తొలగించి, పైపు శ్లాబు గుండా దిగే చోట ఖాళీని పూడ్చి, వాటర్‌ప్రూఫ్ పూత రెండు కోట్లు గోడ మీదికి కూడా ఎక్కేలా వేయించాలి. కొత్త టైల్స్ పరిచే ముందు మళ్లీ నీరు నింపి చూడనివ్వని మేస్త్రీకి ఆ పని అప్పగించకండి. ఇక పైపే కారితే, దాన్ని గోడలోనే వదిలేసి, గోడ పైనుంచి సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్ పైపు) లైను వేయించుకోవచ్చు; చూపుకు అంత బాగుండదు గాని ఖర్చు బాగా తగ్గుతుంది.

సమస్య: నీరు జాలీ వైపు పోకుండా మూలన నిలుస్తున్నది.

వాలు చాలకపోవడమే కారణం. మీటరుకు 1 నుంచి 1.5 సెంటీమీటర్ల వాలు ఉండాలి. పాత టైల్స్ మీదే కొత్తవి అతికించి వాలు సరిచేయడం చవకైన మార్గమే. అయితే నాణెంతో తట్టినప్పుడు డొల్ల శబ్దం రాకూడదు. నేల అర అంగుళం పైగా లేచినా గడప కంటే కిందే ఉండాలి, తలుపు అడుగు తగలకూడదు. అతికించడానికి సిమెంటు పాలు కాక, టైలు మీద టైలుకు పనికివస్తుందని సంచి మీద రాసి ఉన్న గమ్మునే వాడాలి. నేలకు నునుపు టైల్స్ ఎంత చవకగా దొరికినా వద్దు.

సమస్య: ఎంత కడిగినా మురుగు వాసన పోవడం లేదు.

వాడని బాత్‌రూమ్‌లో నేల ట్రాపులోని (వాసన రాకుండా కొంత నీరు నిలిచి ఉండే వంపు) నీరు ఎండిపోతే వాసన పైకి వస్తుంది. ఒక చెంబు నీళ్లు పోస్తే ఆగుతుంది. రోజూ వాడుతున్నా వస్తుంటే, వాష్ బేసిన్ కింద గొట్టాన్ని చూడండి. అది మధ్యలో ట్రాపు లేకుండా నేరుగా మురుగు పైపులోకి దిగి ఉంటే, బాటిల్ ట్రాప్ బిగించి, పైపు చుట్టూ సందు మూయించాలి.

సమస్య: కొత్త కమోడ్ పాత రంధ్రానికి కుదరడం లేదు.

కొలవకుండా కొనడమే ఇందుకు కారణం. కమోడ్ నీరు నేలలోకి దిగేదైతే, గోడ టైలు నుంచి రంధ్రం మధ్యకు ఎన్ని అంగుళాలో కొలిచి, అదే కొలతదాన్ని ఎంచుకుంటే నేల పగలగొట్టే పని తప్పుతుంది.

సమస్య: గీజర్ వేసినప్పుడు కుళాయి ముట్టుకుంటే షాక్ కొట్టినట్టు జిల్లుమంటున్నది.

ఈ విషయంలో బేరాలకు తావులేదు. వెంటనే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చేత గీజర్ కాయిల్‌నూ, ఇంటి ఎర్తింగ్‌నూ పరీక్ష చేయించాలి. కరెంటు లీకైన క్షణంలోనే సరఫరా తెగిపోయేలా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. టైల్స్ పని ఆ తరువాతే మొదలుపెట్టండి.