స్కీయర్ చేతిలో ఇన్‌హేలర్ కనబడితే: ఆ వార్తను చదివే పద్ధతి

"మీ నార్వేవాళ్ళందరికీ ఉబ్బసమేనటగా? పతకాలన్నీ అందుకేనట!" శీతాకాలపు ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా మా బాబాయి గుంటూరు నుంచి ఫోన్ చేసి అనే మాట ఇది. ఉబ్బసం వంకతో మందు పీల్చి గెలుస్తున్నారని దాని అర్థం. అందులో సగం ఎగతాళి, సగం అనుమానం. పోలండ్‌లో, స్వీడన్‌లో కూడా ఈ మాట అనేవాళ్ళున్నారు, కాకపోతే వాళ్ళు నవ్వుతూ అనరు.

నాన్నకు బ్రాడీపేటలో మెడికల్ షాపు ఉండేది. నాకేమో చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. మిర్చి ఘాటు ఊరంతా పట్టే రోజుల్లో రాత్రంతా పిల్లికూతలతో మంచం మీద కూర్చునేదాన్ని. మా నాయనమ్మ మృగశిర కార్తెకు హైదరాబాద్ తీసుకెళ్ళి చేపమందు కూడా మింగించింది. ఆయాసం తగ్గలేదు గానీ, ఆ చేప గొంతులో జారడం మాత్రం ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు నార్వేలోని త్రోన్‌హైమ్‌లో ఒక ఫార్మసీలో పనిచేస్తున్నాను. ఇక్కడ క్రాస్ కంట్రీ స్కీయింగ్, అంటే మంచు మీద కిలోమీటర్ల కొద్దీ స్కీలతో సాగే రేసు, మనకు క్రికెట్ లాంటిది, అందుకని ఈ గొడవ ఏటా ఏదో రూపంలో చెవిన పడుతూనే ఉంటుంది. పడినప్పుడల్లా నేను వార్తను ఎలా విడదీసి చూస్తానో రాస్తాను. మీ ఇంట్లో ఆస్థాలిన్ (సాల్బుటమాల్ ఇన్‌హేలర్) ఉంటే చేతిలోకి తీసుకోండి, పని సులువవుతుంది.

ముందు కొలత చూడాలి. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు నార్వే జట్టు 6,000 డోసుల ఆస్తమా మందు పట్టుకెళ్ళిందని వార్త వచ్చింది. ఆ ఆటల్లోనే నార్వేకు 39 పతకాలు వచ్చేసరికి జనం రెండూ కలిపేశారు. ఇక్కడ డోసు అంటే ఒక్క పఫ్. 120 పఫ్‌ల డబ్బా లెక్కన 6,000 అంటే 50 డబ్బాలు. ఫోరాకార్ట్ లాంటి మందు పొద్దున రెండు, రాత్రి రెండు పఫ్‌లు పీల్చే మనిషి నెలకు ఒక డబ్బా ఖాళీ చేస్తాడు. వందమందికి పైగా ఆటగాళ్ళున్న జట్టుకు 50 డబ్బాలంటే గుండెలు బాదుకోవలసినంత లేదు. అలాగని ఏమీ లేదనీ అనను. ఎవరి మందు వాళ్ళు జేబులో తెచ్చుకోకుండా జట్టే పెట్టెలకొద్దీ మోసుకెళ్తోందంటే, ఆ జట్టు వైద్యం ఎలా నడుస్తోందో కొంత అర్థమవుతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రెండోది, మందు పేరు. ఆస్తమా మందు అని ఊరికే రాసిన వార్తను నేను సగంలోనే ఆపేస్తాను. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నియమాల్లో బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్‌ను పీల్చితే నిషేధం లేదు. అదే జాతి స్టెరాయిడ్‌ను పోటీ సమయంలో మాత్రగా మింగినా, ఇంజెక్షన్‌గా తీసుకున్నా ఉంది. మాంటెలుకాస్ట్ మాత్రకు అడ్డు లేదు. సాల్బుటమాల్ పీల్చవచ్చు గానీ 24 గంటల్లో 1,600 మైక్రోగ్రాములు దాటకూడదు, 2022 నుంచి ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. ఫార్మొటెరాల్‌కు రోజుకు 54 మైక్రోగ్రాముల హద్దు. టెర్బుటాలిన్‌కు మాత్రం ముందస్తు వైద్య అనుమతి కావాలి, పీల్చినా సరే. ఈ అనుమతినే టీయూఈ అంటారు. చూశారా, ఒకే జబ్బుకు వాడే మందులే అయినా ఒక్కోదానికి ఒక్కో రూలు.

అసలు గొడవంతా మూడోదాంట్లో ఉంది. మందు ఏ పరికరంలోంచి వెళ్ళింది? ఆస్థాలిన్ ఇన్‌హేలర్‌లో ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు. అంటే 16 పఫ్‌లకు రోజు హద్దు పూర్తవుతుంది. ఇప్పుడు నెబులైజర్‌లో పోసే చిన్న ప్లాస్టిక్ రెస్ప్యూల్ తీసి చదవండి: 2.5 మిల్లీగ్రాములు. మైక్రోగ్రాముల్లోకి మారిస్తే 2,500. క్లినిక్‌లో మాస్కు తగిలించుకుని పది నిమిషాలు కూర్చుంటే చాలు, కాగితం మీద ఒలింపిక్ హద్దు దాటేసినట్టే.

ఈ లెక్క దగ్గరే మార్టిన్ యోన్స్‌రూడ్ సుండ్‌బీ పడిపోయాడు. నార్వే తరఫున ఆ రోజుల్లో అతనే అందరికంటే ముందుండేవాడు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉన్నవాడు, అందులో ఎవరికీ సందేహం లేదు. 2014 డిసెంబరులో దావోస్‌లో, 2015 జనవరిలో ఇటలీలోని టొబ్లాక్‌లో ఇచ్చిన మూత్ర నమూనాల్లో సాల్బుటమాల్ మిల్లీలీటరుకు 1,340, 1,360 నానోగ్రాములు తేలింది. హద్దు 1,000, పరీక్షలో వచ్చే తేడాకు వదిలే సందు కలుపుకుంటే 1,200. జట్టు డాక్టర్ల సలహాతో అతను రోజుకు మూడుసార్లు 5 మిల్లీగ్రాముల చొప్పున నెబులైజర్ పెట్టుకున్నాడు. మన రెస్ప్యూళ్ళలో చెప్పాలంటే ఆరు.

నార్వేవాళ్ళ వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. నెబులైజర్‌లో పోసిన మందంతా ఊపిరితిత్తుల్లోకి పోదు. చాలావరకు ఆవిరై గాల్లో కలుస్తుంది, కొంత గొట్టానికీ మాస్కుకూ అంటుకుంటుంది. కాబట్టి లోపలికి చేరిన మందునే లెక్కపెట్టాలి, అలా చూస్తే 1,600 దాటలేదు అన్నారు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య విచారణ కమిటీ మొదట దీన్ని ఒప్పుకుని అతన్ని వదిలేసింది. వాడా ఊరుకోలేదు, లొసాన్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్ళింది. 2016 జూలైలో తీర్పు వచ్చింది: లెక్కలోకి వచ్చేది లేబుల్ మీద ఉన్న మోతాదే, అంతకుమించి అవసరమైతే ముందే టీయూఈ తీసుకోవాలి. రెండు నెలల నిషేధం వేశారు. అది వేసవి గనుక అతను ఒక్క రేసు కూడా పోగొట్టుకోలేదు. కానీ 2014–15 టూర్ డి స్కీ అనే వరుస రేసుల టైటిల్ పేటర్ నోర్తుగ్‌కు, ఆ ఏటి ప్రపంచ కప్ మొత్తం టైటిల్ స్విట్జర్లాండ్ ఆటగాడు డారియో కొలోన్యాకు వెళ్ళిపోయాయి.

నా లెక్కలో ఆ తీర్పు సబబే. లోపలికి ఎంత చేరిందో బయటివాళ్ళు కొలవలేరు, డబ్బా మీద అచ్చైన అంకెను ఎవరైనా చదవగలరు. నాన్న షాపులో కౌంటరు వెనక నేను మొదట నేర్చుకున్న పని కూడా లేబుల్ చదవడమే. అయితే సుండ్‌బీని మోసగాడని అనను, న్యాయస్థానమూ అనలేదు. డాక్టరు చెప్పింది చేశాడు. ఆ టీయూఈ ఫారం నింపాల్సింది డాక్టరు.

ఇక జబ్బు నిజమేనా అన్న ప్రశ్న. ఇంతమంది మేటి ఆటగాళ్ళకు ఉబ్బసం ఎలా ఉంటుంది, అబద్ధం కాకపోతే అని బాబాయి అడుగుతాడు. నేను ఆయనకు దీన్ని తిరగేసి చెబుతాను: ఉబ్బసం ఉన్నవాళ్ళు వచ్చి స్కీయర్లయ్యారని కాదు, చాలామందికి స్కీయింగే ఉబ్బసం తెచ్చిపెట్టింది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. రేసులో ఎక్కుడు ఎక్కుతున్న స్కీయర్ 150 లీటర్లు దాటేస్తాడు. ముక్కుతో సరిపోదు, నోరు తెరవాల్సిందే. ఆ గాలి సున్నాకు పది, పదిహేను డిగ్రీలు కింద ఉంటుంది, చుక్క తేమ ఉండదు. సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పోతే రేసు జరపకూడదని నియమం, అంటే మైనస్ 19లో జరపొచ్చన్నమాటే. శ్వాసనాళాల లోపలి పొర ఎండిపోతుంది, చిట్లుతుంది, వాస్తుంది, నాళం బిగుసుకుంటుంది. ఏళ్ళ తరబడి రోజూ ఇదే. 1993లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో స్వీడన్ వైద్యులు వేసిన పరిశోధనలో 42 మంది మేటి స్కీయర్లను చూస్తే సగానికి పైగా మందికి ఉబ్బసమో, ఆ లక్షణాలతో పాటు అతిగా స్పందించే శ్వాసనాళాలో ఉన్నాయి. స్పిన్నింగ్ మిల్లులో పత్తి ధూళి పీల్చిన కార్మికుడికి వచ్చే జబ్బును మనం వృత్తివ్యాధి అంటాం. దీన్నీ నేను ఆ ఖాతాలోనే వేస్తాను.

మాట మీద నమ్మనక్కర్లేదు, పరీక్షలున్నాయి. ఒక్క సెకనులో ఎంత గాలి ఊదగలరో కొలుస్తారు. పొడి గాలిని ఆరు నిమిషాలు గబగబా పీల్పించి మళ్ళీ ఊదమంటారు. 10 శాతం పడిపోతే అనుమానం గట్టిపడినట్టు. 2002 సాల్ట్ లేక్ ఆటల నుంచి కొన్నేళ్ళపాటు ఒలింపిక్ సంఘం ఇలాంటి రుజువు చూపిస్తేనే ఇన్‌హేలర్ వాడనిచ్చేది. తర్వాత నియమం సడలింది. వార్తలో పరీక్ష ఫలితం ఊసే లేకుండా ఊరికే ఉబ్బసమట అని ఉంటే, అది పొగడ్తైనా నింద అయినా నేను పక్కన పెట్టేస్తాను.

నియమం ఎప్పుడు ఎలా ఉందో చూడకపోతే పాత గొడవలు అసలు అర్థం కావు. 2010 వాంకూవర్‌లో పోలండ్ స్కీయర్ యుస్తీనా కోవాల్‌చిక్, మందే లేకపోతే మారిత్ బ్యోర్గెన్ గెలిచేది కాదన్న అర్థం వచ్చేలా మాట్లాడి పెద్ద దుమారం లేపింది. బ్యోర్గెన్ వాడింది సింబికార్ట్, మన ఫోరాకార్ట్‌లో ఉన్న రెండు మందులే, బుడెసొనైడ్, ఫార్మొటెరాల్. అప్పట్లో ఫార్మొటెరాల్‌కు టీయూఈ తప్పనిసరి, ఆమె దగ్గర అది ఉంది. రెండేళ్ళ తర్వాత, హద్దులోపు పీల్చుకునేవాళ్ళకు ఆ కాగితమే అక్కర్లేకుండా పోయింది. సరదా ఏమిటంటే, అదే వాంకూవర్‌లో చివరి 30 కిలోమీటర్ల రేసులో సింబికార్ట్ పీల్చే బ్యోర్గెన్‌ను కోవాల్‌చిక్ 0.3 సెకన్ల తేడాతో ఓడించింది. ఇది బాబాయికి చెబితే, "అయితే ఆవిడేం వాడిందో!" అన్నాడు. ఆయనతో అంతే.

ఆరోగ్యంగా ఉన్నవాడు పీల్చితే కాళ్ళకు బలమొస్తుందా? మామూలు మోతాదులో పీల్చినప్పుడు ఓర్పు ఆటల్లో లాభం కనబడలేదన్నదే చాలా పరిశోధనల మాట. బిగుసుకోని నాళాన్ని ఇంకా తెరవడానికేముంది? మోతాదు బాగా పెరిగితే, లేదా మాత్రగా మింగితే కథ వేరు, ఈ మందులు కండరం మీద కూడా పనిచేస్తాయి. హద్దులు పెట్టింది అందుకే.

ఇంతకీ న్యాయం సంగతి. జబ్బున్న స్కీయర్ హద్దులోపు పఫ్ పీల్చితే నాకే అభ్యంతరమూ లేదు, నేనూ పీల్చే మంచులోకి దిగుతాను. నాకు గుచ్చుకునేది నెబులైజరే. మా ఫార్మసీకి ఎవరైనా వచ్చి పొద్దున నెబులైజర్ పెట్టుకున్నానంటే, ఈ రోజుకు ఇంట్లో ఉండండి అంటాను. అదే జట్టు డాక్టరు అదే మనిషికి నంబరు కట్టి 15 కిలోమీటర్ల రేసుకు పంపిస్తే అది వైద్యమా? ఊపిరి అంత బిగిసిన రోజు రేసు మానుకోవాలి. నా చేతిలో ఉంటే, పోటీ జరిగే ఊళ్ళోకి టీయూఈ లేని నెబులైజర్‌ను రానివ్వను. రెండో సంగతి డబ్బు. నార్వే జట్టు వెంట డాక్టర్లుంటారు, స్కీలకు మైనం రాసే నిపుణులతో పెద్ద లారీ ఉంటుంది. చిన్న దేశపు స్కీయర్‌కు కూడా అదే చలి, అదే పొడి గాలి, అదే దగ్గు, కానీ ఆ దగ్గుకు పరీక్ష చేసి పేరు పెట్టే మనిషి పక్కన ఉండడు. అతను మందు లేకుండానే దగ్గుతూ పరిగెత్తుతాడు. పక్షపాతం గురించి మాట్లాడేవాళ్ళు ఇతని గురించి మాట్లాడగా నేను పెద్దగా వినలేదు.

చివరిగా, మంచు చూడని మనవాళ్ళకు పనికొచ్చే మాట. మీ పిల్లలు అథ్లెటిక్స్‌లోనో, ఈతలోనో రాష్ట్ర, జాతీయ స్థాయికి ఎదిగి ఉబ్బసం మందు వాడుతుంటే, ఇవే నియమాలు వాళ్ళకూ వర్తిస్తాయి, మన దేశంలో చూసేది జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, నాడా. ఇన్‌హేలర్‌కు భయపడి మాన్పించకండి. సాల్బుటమాల్ మాత్ర, సిరప్ మాత్రం అనుమతి లేకుండా పనికిరావు. పోటీల ముందు ఆయాసం పెరిగి క్లినిక్‌లో నెబులైజర్ పెట్టాల్సి వస్తే పెట్టించండి, ప్రాణం ముందు. పెట్టిన మందు పేరు, మిల్లీగ్రాములు, తేదీ, టైము డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని, ఆ వెంటనే టీయూఈకి దరఖాస్తు చేయండి. అన్నిటికంటే ప్రమాదం దగ్గు సిరప్‌తో. మన షాపుల్లో దొరికే వాటిలో చాలావాటిలో టెర్బుటాలిన్ ఉంటుంది, సీసా వెనక చిన్న అక్షరాల్లో. కౌంటర్లో అడిగితే "ఏం కాదమ్మా, అందరూ తాగేదే" అంటారు. ఆ చీటీ మీరే చదివి, ఆ పేరుంటే వేరేది ఇమ్మనండి.