పెరటి తోట పాఠాలు – 7: మధ్యాహ్నం వాలిన ఆకు

ఈ పాఠంలో బీర, సొర పాదులకు చేత్తో పుప్పొడి అద్దే పద్ధతి చెబుతానని గత పాఠం చివర వ్రాశాను. అది ఇప్పుడు చివరి భాగానికి జరిగింది, అందుకు కారణం నేనే. ఆరవ పాఠంలో ఎండాకాలపు తడుల గురించి ఎంతో వ్రాసి, తడి ఎప్పుడు ఇవ్వాలన్న అసలు ప్రశ్నకు మాత్రం ‘ఆకు వాడినట్లు కనిపిస్తే నీరు పెట్టండి’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. ఏ వేళ చూసిన ఆకు అన్నది చెప్పలేదు. ఆ తరువాత మీలో చాలామంది వ్రాసిన సంగతి ఇంచుమించు ఒక్కటే. మధ్యాహ్నం రెండు గంటలకు సొర ఆకులు మూసిన గొడుగుల్లా వేలాడుతున్నాయి, కంగారుపడి రెండు బకెట్ల నీళ్లు పోశారు, సాయంత్రానికి ఆకులు నిలబడ్డాయి, కాబట్టి మందు పనిచేసిందని నమ్మి రోజూ అదే చేశారు. రెండు వారాలకు అడుగు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, మొదలు దగ్గర కాండం మెత్తబడింది, పిందెలు రాలిపోయాయి.

సాయంత్రం ఆ ఆకులను లేపింది ఎండ దిగడం. మీరు బకెట్ ముట్టుకోకపోయినా అవి లేచేవే. ఈ ఒక్క విషయం మీద ఇంత పట్టుబట్టి వ్రాయడం కొందరికి విసుగు కలిగించవచ్చు. అయితే ఎండాకాలంలో పెరటి మొక్కలు నీరు చాలక చచ్చిన సందర్భాలకన్నా ఎక్కువై చచ్చిన సందర్భాలనే నేను ఎక్కువగా చూశాను కనుక, దీనిని దాటి ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు.

సొర, గుమ్మడి, బీర వంటి తీగలకు ఆకులు పెద్దవి, పలుచనివి. మిట్టమధ్యాహ్నం వేడి గాలికి ఆకు రంధ్రాల గుండా ఆవిరయ్యే నీటిని, నేలలో ఎంత తడి ఉన్నా, వేర్లు అదే వేగంతో అందించలేవు. అప్పుడు ఆకు బిగువు కోల్పోయి వాలుతుంది, వాలినందువల్ల నేరుగా ఎండ తగిలే వైశాల్యం కూడా తగ్గుతుంది. పొద్దు వాలాక ఆవిరి తగ్గి, వేర్లు లోటును పూడ్చుకుంటాయి. మిరప ఆకు చిన్నది కనుక అది అదే ఎండలో, అదే మడిలో నిటారుగా ఉంటుంది. పక్కపక్కనే ఉన్న ఈ రెండింటినీ చూసి ‘మిరపకు నీరు సరిపోయింది, సొరకు సరిపోలేదు’ అని తీర్మానించడమే మీలో చాలామంది చేసిన పొరపాటు.

ఇక తడిసి ఉన్న పాదులో మళ్లీ నీరు పోస్తే జరిగేది వేరు. వేరుకు నీటితోపాటు గాలి కూడా కావాలి. మట్టి కణాల మధ్య ఖాళీలన్నీ రోజుల తరబడి నీటితో నిండి ఉంటే వేరుకు ఊపిరాడదు, వెచ్చని తడిలో కుళ్లు తెగులు శిలీంధ్రాలు పెరుగుతాయి, పీచు వేర్లు ముందుగా నల్లబడతాయి. వేరు చెడ్డ మొక్క నీటిని పీల్చలేదు, కాబట్టి నీటి మధ్యనే దాహంతో వాడుతుంది. యజమాని ఆ వాడటాన్ని చూసి మరో బకెట్ తెస్తాడు. గుంటూరు వైపు నల్లరేగడిలో తోట పెంచుతున్న ఒక పాఠకురాలు ఇలాగే మూడు బీర పాదులను పోగొట్టుకున్నారు. అనంతపురంలో మా పెరటి ఎర్రనేల నీటిని త్వరగా కిందికి దింపుతుంది కనుక అదే తప్పు ఇక్కడ కొన్నాళ్లు బయటపడకుండా సాగుతుంది, నల్లరేగడి ఆ వెసులుబాటు ఇవ్వదు.

కాబట్టి గత పాఠంలోని ఆ వాక్యాన్ని ఇలా దిద్దుకోండి. మధ్యాహ్నం ఆకును చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఉదయం 6 గంటలకు చూసినప్పుడు ఆకు వాలి ఉంటే అది ఉపేక్షించరాని సంగతి. రాత్రి 8 గంటలకు కూడా లేవకపోతే అనుమానించవలసిన సంగతి. ఆ రెండు వేళల్లోనూ ఆకును చూసిన వెంటనే మట్టిని చూడాలి, ఆ తరువాతే బకెట్ జోలికి పోవాలి.

మట్టిని చూడటానికి వేలు చాలదు. పైన గడ్డి కప్పిన పాదులో రెండంగుళాల లోతు ఎప్పుడూ చల్లగానే తగులుతుంది, అది మోసం చేస్తుంది. నేను అడుగున్నర పొడవున్న పాత చెక్క గరిటె కాడను వాడుతాను, మా ఇంట్లోవారు దానిని తోట థర్మామీటరు అని వెక్కిరిస్తారు. కాండానికి ఒక జానెడు దూరంలో దానిని నిలువుగా అర అడుగు లోతు దింపి, నిమిషం ఉంచి, తీసి చూస్తాను. కాడకు మట్టి అంటుకొని వస్తే ఆ పూట నీరు లేదు. పొడిగా వస్తే తడి ఇవ్వాలి. ఇనుప చువ్వ సులువుగా దిగుతుంది గానీ దానికి మట్టి సరిగా అంటదు. నల్లరేగడిలో కాడ మీది మట్టిని చేతిలోకి తీసుకొని పిండండి, ఉండ కట్టి వేలి ముద్ర నిలిచిందంటే ఇంకా రెండు మూడు రోజుల తడి లోపల ఉన్నట్లే. కుండీలకు ఇదేమీ అక్కరలేదు, ఒక వైపు ఎత్తి బరువు చూస్తే చాలు.

నాలుగు చోట్ల మాత్రం మధ్యాహ్నపు వాడును నమ్మవలసిందే. నాటి పది రోజులు కాని నారు, మొలిచి మూడు వారాలు దాటని తీగ, డాబా మీది చిన్న కుండీ, పైపైనే వేర్లుండే తోటకూర మడి. వీటికి కూడా రెండు గంటల ఎండలో నీళ్లు పోయకండి. డాబా మీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే పైపులో ఆ వేళ నిలిచి ఉన్న నీరు చేయి పెట్టలేనంత కాగి ఉంటుంది. పడమర వైపు పాత చీరనో 50 శాతం నీడనిచ్చే వలనో కట్టి, సాయంత్రం తడపండి.

మట్టి తడిగా ఉండి, తెల్లవారినా మొక్క వాడే ఉంటే అది నీటి సమస్య కాదు. గడ్డిని పక్కకు లాగి, పాదు గట్టును ఒక వైపు తెగ్గొట్టి, పైమట్టిని రెండంగుళాల మేర గుల్ల చేసి, నాలుగు రోజులు నీరు ఆపండి. నేను ముందు జాగ్రత్తగా ఏటా మార్చిలోనే 9 కిలోల చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా (కుళ్లు తెగులును అణిచే మేలు శిలీంధ్రం) పొడి కలిపి, నీడలో వారం రోజులు తేమగా ఉంచి పాదులకు వేసుకుంటాను. వేరు కుళ్లిన తరువాత దానిని వేసి అద్భుతం ఆశించవద్దు. వంగ, టమాటా మొక్కలు ఆకు పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి తలవాల్చి, మళ్లీ లేవకపోతే మొదలు దగ్గర కాండాన్ని కోసి గాజు గ్లాసులో తేట నీటిలో వేలాడదీయండి. కొద్ది నిమిషాలలో కోసిన చోటి నుంచి పాలలాంటి తెల్లని దారం దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ మొక్కను వేరుతో సహా పీకి తోటకు దూరంగా కాల్చివేయాలి, ఆ మడిలో వచ్చే కాలానికి వంగ, టమాటా, మిరపలలో ఏదీ నాటరాదు. పీకిన వేర్లకు ముడులు కనిపిస్తే నులిపురుగులు చేరాయన్నమాట, అక్కడ బంతి నాటండి.

గత పాఠం వల్ల కలిగిన రెండో నష్టం నిమ్మ చెట్లకు. గడ్డి కప్పమన్నాను, కొందరు మాను చుట్టూ అడుగు ఎత్తున పోశారు. నిమ్మ మొదలు ఎప్పుడూ పొడిగా ఉండాలి, తడి నిలిస్తే బెరడు పగిలి బంక కారుతుంది. మానుకు ఒక అడుగు దూరంలో చిన్న గట్టు, కొమ్మల చివర్ల కింద పెద్ద గట్టు వేసి, నీరూ గడ్డీ ఆ రెండింటి మధ్యనే ఉంచండి. ఇప్పటికే బంక కనిపిస్తే చెడిన బెరడును పదునైన కత్తితో గోకి, బోర్డో ముద్ద పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, లీటరు నీరు దాని పాళ్లు. మైలుతుత్తాన్ని ప్లాస్టిక్ పాత్రలోనే కరిగించాలి. నిమ్మకు, దానిమ్మకు వారం ఎండబెట్టి ఒక్కసారిగా నిండా పెట్టే అలవాటు మరో కీడు చేస్తుంది, కాయ తొక్క పగులుతుంది.

ఇక పుప్పొడి. మగపువ్వు సన్నని కాడ మీద ఉంటుందనీ, ఆడపువ్వు అడుగున చిన్న పిందె ఉంటుందనీ మీకు తెలిసే ఉంటుంది. తెలియవలసింది వేళ. బీర, సొర పూలు సాయంత్రం 5 గంటల తరువాత విచ్చుకుంటాయి. కాకర, దోస, గుమ్మడి, నేతిబీర తెల్లవారుజామున విచ్చుకుంటాయి. పొద్దున తొమ్మిదింటికి బీర పువ్వు మీద కుంచె ఆడించి ఫలితం లేదని వాపోయినవారు ఈ రెండు వాక్యాలనూ మళ్లీ చదవండి. కుంచె కూడా అనవసరం, అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు వొలిచి, దానినే ఆడపువ్వు మధ్య భాగానికి మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. తొలి రెండు వారాలు మగపువ్వులే వస్తే భయపడవద్దు, తీగల తీరే అది. తీవ్రమైన ఎండకు, నత్రజని ఎక్కువైన ఎరువుకు వాటి సంఖ్య ఇంకా పెరుగుతుంది, కనుక పూత వేళ యూరియా జోలికి పోకండి. మే నెలలో టమాటా పూత రాలడానికి మీ తడులతో సంబంధం లేదు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి సరిగా పనిచేయదు, దానికి నా దగ్గరా ఉపాయం లేదు.

పందిరి కట్టడం, కలుపు తీయడం, పండుటాకులు ఏరడం మీకు వచ్చినవే కనుక వదిలేస్తున్నాను.

అభ్యాసం ఈసారి కాస్త కఠినమైనది. మొదటిది, తడి ఇచ్చిన రెండు గంటల తరువాత పాదు అంచున గునపంతో అడుగున్నర లోతు గుంట తీసి, నీరు ఎంత లోతుకు దిగిందో స్కేలుతో కొలవండి. చదరపు మీటరు నేలలో లీటరు నీరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన పడినట్లు. రెండడుగుల వ్యాసార్థం గల పాదు చదరపు మీటరుకు కాస్త ఎక్కువ ఉంటుంది, అందులో రెండు పెద్ద బిందెలు, అంటే సుమారు 30 లీటర్లు పోస్తే 26 మిల్లీమీటర్ల వాన అవుతుంది. పైపుతో పోసేవారికి ఈ లెక్క దొరకదు, నేను బిందెను వదలకపోవడానికి కారణం అదే. రెండవది, బాగా పాకిన సొర లేదా బీర పాదును ఒకదానిని ఎంచుకొని, నిండుగా తడి ఇచ్చి, ఆ తరువాత ఉదయం 6 గంటలకు కూడా ఆకు వాలి కనిపించే రోజు వచ్చేవరకు దానికి చుక్క నీరు పోయవద్దు. రోజూ ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదింటికి ఆకు స్థితినీ, గరిటె కాడకు మట్టి అంటిందీ లేనిదీ పుస్తకంలో వ్రాయండి. ఆ ఉదయం రాగానే వెంటనే నీరు పెట్టండి, పాదు కోలుకుంటుంది. మధ్యలో ఎన్ని రోజులు గడిచాయో ఆ సంఖ్యలో నుంచి రెండు తీసివేస్తే మీ నేలకు, మీ ఊరి ఎండకు తడికీ తడికీ మధ్య ఉండవలసిన ఎడం దొరుకుతుంది. ఎనిమిదవ పాఠం ఆ సంఖ్యతోనే మొదలవుతుంది కనుక, కొలవకుండా దానిని తెరవవద్దు.