సమాధానపడటం నేర్చుకుందాం – 3వ పాఠం: సాకు లేని మాట

పోయిన పాఠంలో ఒక పేరు రాసుకోమన్నాం. తప్పు మన వైపు ఉండి, మాటలు ఆగిపోయిన మనిషి పేరు. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఆ గుమ్మం ఎక్కాక చెప్పాల్సిన మొదటి మాట ఈ వారం తయారు చేసుకుందాం.

ముందు ఆదికాండము 3వ అధ్యాయం 8 నుంచి 13 వరకు చదవండి. దేవుడి అలికిడి వినగానే ఆదాము, అతని భార్య చెట్ల చాటున దాక్కున్నారు. వెతుక్కుంటూ వచ్చింది దేవుడే. తినొద్దన్న చెట్టు పండు తిన్నావా అని అడిగితే, నువ్వు నాకిచ్చిన ఈ స్త్రీయే ఇచ్చింది, తిన్నాను అన్నాడు ఆదాము. ఒప్పుకోలేదని అనలేం. కానీ ఆ ఒక్క ముక్కలోనే ఇటు భార్యను, అటు దేవుణ్ణి తప్పులోకి లాగేశాడు. పాపం దేవుడికి దూరం చేస్తుందని ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. అదే పూట మొగుడూ పెళ్లాల మధ్య కూడా అడ్డం వచ్చిందని అంతగా పట్టించుకోం.

మన డెల్టాలో ఇది గట్టు దగ్గర కనిపిస్తుంది. అన్నదమ్ముల చేలు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. సార్వా నాట్లకు ముందు తమ్ముడు తన వైపు జానెడు చెక్కి, ఆ మట్టి అన్నయ్య వైపు వేస్తాడు. గట్టు వెడల్పు తగ్గదు, చోటు మారుతుంది. అన్నయ్యకు తెలియక కాదు, తెలిసే పలకరింపు మానేశాడు. ఆదివారం మందిరంలో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర. 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్‌లతో నరసాపురంలో వేళ్లూనుకున్న గోదావరి డెల్టా మిషన్ సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, అంటే ప్రభువు బల్లలో పాలు పంచుకుంటారు. కాబట్టి వీళ్లకు సమాధానపడాల్సిన గడువు వారం వారం వచ్చిపడుతుంది! అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు యేసు (మత్తయి 5:23-24). విరోధం అవతలివాడి మనసులో ఉన్నా, నడవాల్సింది మనమే.

వెళ్లి ఏమంటాం? మామూలుగా వచ్చే మాట ఇది: "అన్నయ్యా, ఏదైనా పొరపాటు జరిగితే క్షమించు. అయినా నాన్న పోయినప్పుడు నువ్వు మాత్రం..." ఇందులో తప్పు చేసినవాడే లేడు. ఆ 'అయినా' తర్వాత వచ్చేదంతా ఆదాము మాటే.

ఇలా మార్చండి: "అన్నయ్యా, మూడేళ్లుగా గట్టు నీ వైపు జరుపుతున్నాను. తెలిసే చేశాను. సర్వేయరును పిలిపించి పాత హద్దు మీద వేయిస్తాను, ఖర్చు నాది." క్షమించమని అడగడం ఆ తర్వాత. సంఖ్యాకాండము 5:7 కూడా ఇదే వరస చెబుతుంది: ఒప్పుకో, పూర్తిగా తిరిగివ్వు, దానికి ఐదో వంతు కలుపు. యేసును కలిసిన సుంకరి (పన్ను వసూలుదారు) జక్కయ్య అయితే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మట్టి కదలని క్షమాపణను ఊళ్లో ఎవరూ నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా.

ఇంత నగ్నంగా చెప్పడానికి టెన్షన్ పడటం సహజం. ఇక్కడే 2 కొరింథీయులకు 5:18-19 చదవండి. క్రీస్తులో దేవుడే ముందు వచ్చి మనల్ని తనతో సమాధానపరచుకున్నాడు. అన్నయ్య మొహం తిప్పుకున్నా ఆ మాట చెక్కుచెదరదు. పరువు కాపాడుకోవాల్సిన అవసరం తీరినవాడికే సాకు లేకుండా మాట్లాడటం చేతనవుతుంది.

ఒక జాగ్రత్త. ఇంట్లో దెబ్బలు తినేవాళ్ల కోసం రాసిన పాఠం కాదిది. తప్పు చేసినవాడు నడవాలి. దెబ్బలు తిన్న ఆమెకు ఈ వచనాలు చూపించి సర్దుకుపొమ్మనడం అన్యాయం.

అభ్యాసం: మీ మాట మూడు వాక్యాల్లో రాయండి. 'ఏదైనా', 'ఒకవేళ', 'అయినా', 'నువ్వు కూడా' ఎక్కడున్నా కొట్టేయండి. ఒంటరిగా రెండుసార్లు పైకి చదవండి. యేసు చెప్పిన కథలో ఇల్లు వదిలి వెళ్లి పందులు మేపుకున్న తప్పిపోయిన కుమారుడు కూడా ఆ పందుల దగ్గరే తన మాట సిద్ధం చేసుకుని బయల్దేరాడు. పెద్దమనుషుల్ని వెంట తీసుకెళ్లొద్దు, అది పంచాయతీ అయిపోతుంది.

వచ్చే పాఠం: "నీ గట్టూ వద్దు, నువ్వూ వద్దు" అని ఆయన అంటే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి.