కెమెరా పాఠాలు – 6: తక్కువ డబ్బుతో ట్రైపాడ్ కొనడం

పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను. చీకటి పడ్డాక వీధి దీపాన్ని, వెలుగుని లోపలికి రానిచ్చే షట్టర్‌ని 1/60, 1/30, 1/15, 1/8, 1/4 సెకను పాటు తెరిచి ఉంచి, చేత్తో పట్టుకునే ఫొటోలు తీసి, పెద్దది చేసి చూడమన్నాను. చేసినవాళ్లకు ఈపాటికి సంగతి తెలిసిపోయి ఉంటుంది. ఎక్కడో 1/15 దగ్గరో 1/8 దగ్గరో గుండ్రంగా ఉండాల్సిన దీపం వానపాములా సాగిపోతుంది. మీ చేతుల్లో లోపమేమీ లేదు, ఊపిరి పీల్చే మనిషి చెయ్యి అంతే. కెమెరాని కదలకుండా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు, అంటే ట్రైపాడ్, పని అక్కడి నుంచి మొదలవుతుంది.

ఈ పాఠంలో ఫొటోలు తీయం, షాపుకి వెళ్తాం. బడ్జెట్ నాలుగు నుంచి ఆరు వేల రూపాయలు అనుకుందాం. పదిహేను, ఇరవై వేలు పెట్టగలిగినవాళ్లకు ఈ పాఠంతో పెద్దగా పనిలేదు. వాళ్లు తప్పు ఎంచుకున్నా ఆ తప్పు కాస్త గట్టిగానే నిలబడుతుంది. మన బడ్జెట్‌లోనే తప్పొప్పుల మధ్య తేడా ఎక్కువ.

నా మొదటి ట్రైపాడ్ తొమ్మిది వందలది. పెట్టె మీద 'మూడు కిలోలు మోస్తుంది' అని రాసి ఉంది. నా కెమెరా కిలో కూడా తూగదు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద దాన్ని నిలబెట్టి ఆర్చి బ్రిడ్జి వైపు తిప్పాను. ఫ్రేము సరిచూసుకుని, పిడి గట్టిగా బిగించి, చెయ్యి తీశాను. కెమెరా ముక్కు మెల్లగా కిందికి వాలింది, నిద్రాపుకోలేని పిల్లాడి తలలాగా. మళ్లీ ఎత్తి బిగిస్తే మళ్లీ వాలింది. కొంచెం పైకి గురిపెట్టి బిగిస్తే, వాలి వాలి సరిగ్గా కావలసిన చోట ఆగుతుందని కొన్నాళ్లకు కనిపెట్టాను. ఆరు నెలలు అలాగే నెట్టుకొచ్చాను. తర్వాత కెమెరా అడుగున బిగించే ప్లాస్టిక్ ప్లేటు ఎక్కడో పడిపోయింది. అది విడిగా ఎక్కడా దొరకలేదు, వేరే ఏ ప్లేటూ అందులో పట్టలేదు. అగ్గిపెట్టెంత ముక్క పోయినందుకు మొత్తం ట్రైపాడ్ మూలన పడింది. ఇప్పుడు అమ్మ దాని మీద తడి తువ్వాళ్లు ఆరేస్తోంది. వాటి బరువుకి బాగానే నిలబడుతోంది.

ఆ తొమ్మిది వందలు నాకు నేర్పినవే ఈ పాఠంలో సగం ఉన్నాయి.

పెట్టె మీది అంకెలు

పెట్టె మీద ముఖ్యంగా రెండు అంకెలుంటాయి: ఎంత బరువు మోస్తుంది, ఎంత ఎత్తు లేస్తుంది. రెండింటినీ పూర్తిగా నమ్మకూడదు.

బరువు సంగతి ముందు. అన్ని కంపెనీలూ దీన్ని ఒకే పద్ధతిలో కొలవవు. ఒకరి అయిదు కిలోలు ఇంకొకరి అయిదు కిలోలతో సమానం కావు. పైగా 'మోయడం' అంటే విరగకుండా ఉండటమా, కదలకుండా ఉండటమా అన్నది పెట్టె చెప్పదు. మనకు కావలసింది రెండోది. అందుకే మన సామాను బరువు కన్నా కనీసం మూడు నాలుగు రెట్లు రాసి ఉన్నదే చూస్తాం. మనలో చాలామంది దగ్గరుండే కానన్ 1500డి కెమెరా బ్యాటరీతో కలిపి సుమారు 475 గ్రాములు. దానికి 55-250 ఎస్టీఎం జూమ్ లెన్స్ తగిలిస్తే ఇంకో 375. మొత్తం 850 గ్రాములు. కాబట్టి పెట్టె మీద మూడు కిలోల కన్నా తక్కువ ఉంటే చెయ్యి పెట్టకండి. నాలుగైదు ఉంటే పరిశీలించవచ్చు. ఈ లెక్క వడపోతకే పనికొస్తుంది, ఎంపిక దీంతో జరగదు.

ఎత్తు దగ్గరే అసలు మోసపోతాం. 165 సెంటీమీటర్లు అని రాసి ఉందంటే, మధ్యలో ఉండే కడ్డీని, అంటే సెంటర్ కాలమ్‌ని, పూర్తిగా పైకి లాగితే వచ్చే ఎత్తు అది. కడ్డీని ముప్పై సెంటీమీటర్లు పైకి లాగామంటే మూడు కాళ్ల ట్రైపాడ్ నెత్తిన ఒంటికాలి కర్ర నిలబెట్టినట్టే. కింద కాళ్లు ఎంత గట్టివైనా పైన ఆ ఒక్క కడ్డీ ఊగుతుంది. గాలి కాస్త వీస్తే చాలు, కెమెరా పట్టీ ఊగినా చాలు. అందుకే షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎంత ఎత్తు వస్తుంది?' అని కాదు, 'కడ్డీ ఎత్తకుండా ఎంత వస్తుంది?' అని. ఈ ప్రశ్నకి చాలామంది షాపువాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. టేపు తీసి కొలవండి, మొహమాటం వద్దు.

మీకు ఎంత ఎత్తు కావాలో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అయిదడుగుల ఆరంగుళాల మనిషి 168 సెంటీమీటర్లు. కళ్లు నడినెత్తి మీద ఉండవు కాబట్టి పన్నెండు తీసేయండి, 156. కెమెరా అడుగు నుంచి కన్ను ఆనించే రంధ్రం వరకు సుమారు ఎనిమిది, కాళ్ల పైన కెమెరాని పట్టి ఉంచే ట్రైపాడ్ తల సుమారు పది. అవి కూడా తీసేస్తే 138. అంటే కాళ్లు మాత్రమే 138 సెంటీమీటర్లు లేస్తే ఈ మనిషి నడుం వంచక్కర్లేదు. మన బడ్జెట్‌లో అంత దొరకడం కష్టం, 120 నుంచి 130 మధ్య సర్దుకోవాల్సి వస్తుంది. నన్నడిగితే అది నష్టమేమీ కాదు. వెనక స్క్రీన్ చూసి తీసేటప్పుడు కెమెరా గుండె ఎత్తులో ఉన్నా సరిపోతుంది. పొడుగు కోసం సన్నకాళ్లది కొనడం కన్నా కాస్త వంగడమే మంచిది. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఈ మాటకి తిట్టుకుంటారని తెలుసు.

కాళ్లు

కాలు ఎన్ని ముక్కలుగా సాగుతుందో లెక్కపెట్టండి. మూడు ముక్కలవి ముడిచినా పొడుగ్గా ఉంటాయి, కానీ గట్టివి. నాలుగు ముక్కలవి బ్యాగులో ఇముడుతాయి. అయిదు ముక్కలవి ఈ ధరలో వద్దు. కారణం చివరి ముక్కలో ఉంది. ఒక్కో ముక్కా దాని పైదానిలో దూరాలి కాబట్టి కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. పై గొట్టం 25 మిల్లీమీటర్లుంటే, ముక్కకి మూడేసి తగ్గుతూ నాలుగోది 16కి వస్తుంది. గోడ మందం ఒకటే అయితే, పలుచని గొట్టం వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. లెక్కవేస్తే 25 మి.మీ. గొట్టం 16 దానికన్నా దాదాపు నాలుగు రెట్లు గట్టిది. చూడ్డానికి తేడా చిటికెన వేలంత కూడా ఉండదు. అందుకే కొన్నాక కూడా ఒక అలవాటు పెట్టుకోవాలి: కాళ్లు చాచేటప్పుడు లావు ముక్కలు ముందు, సన్నవి చివర, అదీ అవసరమైతేనే.

తాళాలు రెండు రకాలు. మీటలా ఎత్తి నొక్కేవి, మెలిపెట్టి తిప్పేవి. మీట తాళం వేశారో లేదో దూరం నుంచే కనిపిస్తుంది, వదులైతే చాలావాటిలో చిన్న అలెన్ కీతో, అంటే ఆరు పలకల వంపు కడ్డీతో, బిగించుకోవచ్చు. తిప్పేవి చెట్లకీ సంచులకీ తగులుకోవు, కానీ ఇసుక దూరితే కరకరమంటాయి, విప్పి కడగాలి. విశాఖలోనో సూర్యలంకలోనో సముద్రం ఒడ్డున ఎక్కువగా తీసేవాళ్లు ఏ రకం కొన్నా, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, కాళ్లు చాచి ఆరబెట్టాల్సిందే. ఉప్పు ఎవరినీ వదలదు.

లోహం అల్యూమినియమే. కార్బన్ ఫైబర్ తేలికైనదీ మంచిదీ నిజమే, కానీ నాలుగు వేలకి ఆ పేరు కనిపిస్తే సంతోషించకండి, అనుమానించండి. బరువు ఒకటిన్నర కిలోల చుట్టూ ఉంటే నయం. మరీ తేలికదైతే గాలికి లొంగుతుంది, మరీ బరువైతే ఇంట్లోనే ఉండిపోతుంది.

తల

బంతిలాంటి కీలు ఉండే బాల్ హెడ్ తీసుకోండి. ఒకే మరతో అన్ని వైపులా తిరుగుతుంది, చిన్నగా ఉంటుంది. వీడియో తీసేవాళ్ల కథ వేరు, వాళ్లకి నిదానంగా తిరిగే ఫ్లూయిడ్ హెడ్ కావాలి. దాని గురించి పదో పాఠంలో.

నా తువ్వాళ్ల ట్రైపాడ్ గుర్తుందిగా, ప్లేటు విషయం మాత్రం పట్టుబట్టి అడగండి. 'ఆర్కా స్విస్ ప్లేటేనా?' అని. సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పుతో, అంచులు ఏటవాలుగా ఉండే ప్లేటు అది. ఒక కంపెనీది పోతే ఇంకో కంపెనీది చాలావరకు పడుతుంది, విడిగా కొన్ని వందలకే దొరుకుతుంది. రెండోది, తల కాళ్ల నుంచి విడిగా ఊడుతుందో లేదో చూడండి. ఊడితే రేపు మంచి తల కొనుక్కుని అవే కాళ్ల మీద పెట్టుకోవచ్చు. కెమెరా కిందుండే మర పావంగుళం, తలకీ కాళ్లకీ మధ్య మర చాలావాటిలో 3/8 అంగుళం. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు కాళ్ల మీదే ఎక్కువ పెట్టండి.

షాపులో పది నిమిషాలు

కెమెరా, ఉన్నవాటిలో పొడుగు లెన్స్ వెంట తీసుకెళ్లండి. 'ఎనిమిది కిలోలు ఆపుతుంది సార్' అని షాపాయన పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు పట్టుబడతాడు. వాదించకండి, ట్రైపాడ్‌కి నిజంగానే మూడే కాళ్లు. పెట్టె పక్కన పెట్టి, కాళ్లు పూర్తిగా చాచమనండి, కడ్డీ కిందే ఉండాలి.

ముందు తల మీద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కండి. ఏ కాలైనా జారి లోపలికి దూరితే అక్కడితో ఆపేయండి. తర్వాత తలని రెండు చేతులతో పట్టుకుని, తడి గుడ్డ పిండినట్టు అటూ ఇటూ మెలిపెట్టండి. చవక ట్రైపాడ్ గుట్టు ఇక్కడ బయటపడుతుంది. మూడు కాళ్లూ పైన కలిసే చోట ప్లాస్టిక్ అయితే అక్కడే లొడలొడలాడుతుంది.

ఇప్పుడు కెమెరా బిగించండి. లెన్స్ మీద కదలికని సర్దే ఐఎస్ మీట ఆపేయండి, లేకపోతే అది వణుకుని కొంత దాచేస్తుంది. వెనక స్క్రీన్ మీదే దృశ్యం కనిపించేలా లైవ్ వ్యూ పెట్టి, 250 దాకా జూమ్ చేసి, రోడ్డవతల బోర్డు మీద ఒక అక్షరాన్ని పట్టుకోండి. స్క్రీన్‌ని పది రెట్లు పెద్దది చేయండి. తల బిగించి చెయ్యి వదిలేయండి. అక్షరం ఒక్కసారిగా కొద్దిగా దిగి ఆగితే క్షమించవచ్చు. దిగుతూనే ఉంటే అది నా పాత ట్రైపాడ్‌కి చుట్టం. ఆగాక ఒక కాలిని వేలితో తట్టండి. అక్షరం వణుకుతుంది, ఎంతటిదైనా వణుకుతుంది. మనం చూడాల్సింది ఎంతసేపని. 'ఒకటి, రెండు' అనేలోగా నిలిస్తే తీసుకోవచ్చు. నాలుగైదు లెక్కపెట్టినా ఊగుతుంటే దణ్ణం పెట్టి తిరిగిచ్చేయండి.

తట్టే ముందు షాపు నేలనీ ఓసారి గమనించండి. మేడ మీది షాపులో ఎవరైనా పక్కన నడిచినా అక్షరం కదులుతుంది, అది ట్రైపాడ్ తప్పు కాదు. మా కొవ్వూరు వైపు రోడ్ కమ్ రైలు వంతెన మీద నిలబెట్టి చూడండి, తెలుస్తుంది. పైన బండ్లు, కింది అంతస్తులో రైళ్లు. రైలు వెళ్తుంటే లక్ష రూపాయల ట్రైపాడ్ కూడా దానితో పాటే దడదడలాడుతుంది. రైలు దాటేదాకా ఆగడమే ఉపాయం.

ఇంకో మాట. తక్కువ ధరవాటితో కూడా ఇరవై సెకన్ల నక్షత్రాల ఫొటోలు చక్కగా వస్తాయి. వణుకు మొదటి సెకనులోనే సద్దుమణుగుతుంది, మిగతా పంతొమ్మిది సెకన్ల వెలుగులో అది కలిసిపోతుంది. 1/30 నుంచి ఒక సెకను మధ్యే గండం. ఫొటో తీసే క్షణంలో కెమెరా లోపల ఒక అద్దం పైకి లేస్తుంది, ఆ దెబ్బకి పుట్టిన వణుకు ఆగకముందే ఫొటో అయిపోతుంది. నాసిరకం ట్రైపాడ్‌తో సంధ్యవేళ తీసిన గోపురం మసకగా వచ్చి, అర్ధరాత్రి తీసిన ఆకాశం స్పష్టంగా రావడానికి కారణం ఇదే. కాబట్టి 'మా ఫ్రెండ్ దీంతోనే నక్షత్రాలు తీశాడు' అన్న సిఫారసుని నమ్మి కొనేయకండి.

పాతది దొరికితే

ఫొటో స్టూడియో మూసేస్తున్నారని తెలిస్తే ఓసారి వెళ్లి పలకరించండి. పెళ్లి వీడియోలు మోసిన పాత ట్రైపాడ్లు నాలుగైదు కిలోలుంటాయి, రంగు పోయి ఉంటాయి, కానీ కొత్తవి సిగ్గుపడేలా నిలబడతాయి. తాళాలు పట్టాలి, మర అరిగి ఉండకూడదు, ప్లేటు ఉండాలి. కెమెరా ఎక్కించి పై పరీక్షలన్నీ దానికీ పెట్టాల్సిందే. మోసేదెలా అంటారా, బండి మీద కాళ్ల దగ్గర అడ్డంగా పడేయొచ్చు. నేను వాడేది అలాంటిదే.

ఈ వారం పని

కెమెరానీ పొడుగు లెన్స్‌నీ వంటింటి కాటా మీదో, తెలిసిన కిరాణా కొట్లోనో తూచండి. గోడకి ఆనుకుని నిలబడి, కంటి ఎత్తు దగ్గర పెన్సిల్‌తో గీత గీయించి కొలవండి, అందులోంచి పద్దెనిమిది తీసేయండి. రెండంకెలూ ఒక చీటీ మీద రాసుకుని, దాంతో కనీసం రెండు షాపులకి వెళ్లండి. మొదటి రోజే కొనొద్దు. గోల్కొండ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో తీయాలని కొంటున్నవాళ్లు, అక్కడ ట్రైపాడ్‌కి ముందుగా అనుమతి తీసుకోవాలని గుర్తుంచుకోండి.

వచ్చే పాఠం ఘాట్ మీద, సాయంత్రం దీపాలు వెలిగే వేళ. ట్రైపాడ్‌తో పాటు ఒక అలెన్ కీ, ఒక పాత తువ్వాలు తెచ్చుకోండి. చివరి మెట్ల మీద బురద ఉంటుంది.